మన బట్టతో కొన్న మనుషులు

తీరం కథలు – తొమ్మిదో భాగం

పోయిన భాగంలో పేటపోలి రేవు దగ్గర ఆగాం. ఇప్పుడు దాన్ని నిజాంపట్నం అంటున్నాం. 1606లో డచ్చివాళ్లు, 1611 ఆగస్టులో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషువాళ్లు అక్కడ దిగారు. గోల్కొండ అధికారులతో బేరాలాడి బందరులోనూ పేటపోలిలోనూ కోఠీలు పెట్టుకున్నారు. వాళ్లు వచ్చింది నేత బట్ట కోసం, ఆ బట్టకు ఎన్ని ఉతుకులకూ వదలని ఎరుపు పట్టించే చిరివేరు కోసం. మొదట్లో ఆ బట్ట తూర్పుకు పోయింది. జావాలో, మొలుక్కా దీవుల్లో లవంగాలకు, జాజికాయకు, మిరియాలకు మారకంగా చెల్లింది. ఇంతవరకు మన పిల్లల పాఠాల్లోనూ కనిపిస్తుంది.

రెండో దారి ఒకటుంది. అది పాఠాల్లో కనిపించదు. బందరు నుంచి, చెన్నపట్నం నుంచి లండన్‌కు, ఆమ్‌స్టర్‌డామ్‌కు, ఫ్రాన్సులోని లోరియాఁ రేవుకు. అక్కడి వేలంపాటల్లో చేతులు మారి, లివర్‌పూల్, నాంత్ ఓడలెక్కి పశ్చిమాఫ్రికాకు. ఆ తీరంలో మన బట్ట ఇచ్చి కొన్నది మనుషులను.

ఆ వ్యాపారం ఎట్లా మొదలైందో ముందు చూద్దాం. 1444 ఆగస్టులో పోర్చుగల్ దక్షిణ తీరంలోని లాగోస్ అనే ఊరి బయట 235 మంది ఆఫ్రికన్ బందీలను మైదానంలో నిలబెట్టి వాటాలు వేశారు. రాజుగారి పినతండ్రి హెన్రీ గుర్రం మీద కూర్చుని తన అయిదో వంతు తీసుకున్నాడు. జురారా అనే ఆస్థాన చరిత్రకారుడు ఇదంతా రాసిపెట్టాడు. యువరాజును పొగడటానికి కలం పట్టినవాడే. అయినా తల్లుల చేతుల్లోంచి పిల్లలను లాగి వేరే వాటాలో పడేస్తుంటే ఆ తల్లులు బిడ్డలను కావలించుకుని నేలమీద పడిపోయిన సంగతి దాచలేకపోయాడు. తర్వాత నాలుగు వందల ఏళ్లు జరగబోయేదంతా ఆ ఒక్క మైదానంలో ఉంది.

ఆ బందీలతో ఏం పని? చక్కెర. అట్లాంటిక్ సముద్రంలో మదీరా, సావ్ తోమే దీవుల్లో పోర్చుగీసువాళ్లు చెరకు వేశారు. చెరకు నరికిన వెంటనే గానుగ ఆడాలి, రసం వెంటనే కాగాలి, రాత్రింబగళ్లు చాకిరీ. కూలికి వచ్చినవాడు ఆ పనిలో నిలవడు. నిలిచేవాడు పారిపోయే దారిలేనివాడే. ఆ పద్ధతే సముద్రం దాటి బ్రెజిల్‌కు, 1640ల నుంచి ఇంగ్లీషువాళ్ల బార్బడోస్‌కు, తర్వాత జమైకాకు, ఫ్రెంచివాళ్ల సాన్ దొమాంగ్‌కు పాకింది. కరీబియన్ దీవుల ఆదివాసులు మశూచితో, గనుల వెట్టితో చాలామంది రెండు మూడు తరాల్లోనే నశించారు. 1518లో స్పెయిన్ రాజు ఛార్లెస్, ఆఫ్రికా నుంచి బందీలను నేరుగా అమెరికాకు తరలించుకోవచ్చని అనుమతి ఇచ్చాడు.

ఇక్కడ మిరపకాయ సంగతి చెప్పకుండా దాటలేను. 1500లో కబ్రాల్ అనే పోర్చుగీసు నౌకాధిపతి ఓడల బారు ఏప్రిల్‌లో బ్రెజిల్ తీరాన్ని తాకింది. అదే బారులో మిగిలిన ఓడలు సెప్టెంబరులో కాలికట్ చేరాయి. అమెరికా, ఆఫ్రికా, మలబారు ఒకే రాజు ఓడల కిందికి వచ్చాయి. అమెరికా మొక్క అయిన మిరప ఆ పోర్చుగీసు ఓడల దారిన పదహారో శతాబ్దంలో మన దేశంలో దిగింది. శ్రీనాథుడు కొండవీటి రెడ్డిరాజుల కొలువులో ఉన్న రోజుల్లో ఈ నేల మీద మిరప లేదు, కారమంటే మిరియం. ఇవాళ గుంటూరు యార్డులో గుట్టలు పోసే కాయకు, ఓడ అడుగున గొలుసులతో పోయిన మనిషికి దారి చూపినవాళ్లు ఒకే నావికులు.

అట్లాంటిక్ దాటించిన మనుషుల లెక్క ఇప్పుడు బాగా తెలుసు. 36,000 ఓడ ప్రయాణాల వివరాలను పరిశోధకులు రేవు చిట్టాల నుంచి, బీమా కాగితాల నుంచి, కప్తానుల పద్దుల నుంచి ఏరి ఒకచోట చేర్చారు. సుమారు 1 కోటి 25 లక్షల మందిని ఆఫ్రికా తీరంలో ఓడ ఎక్కించారు. అవతలి ఒడ్డున దిగినవాళ్లు 1 కోటి 7 లక్షలు. మధ్యలో సముద్రం పాలైనవాళ్లు 18 లక్షలు. దిగినవాళ్లలో దాదాపు 48 లక్షల మంది బ్రెజిల్‌కే చేరారు. ఇప్పటి అమెరికా సంయుక్త రాష్ట్రాల నేల మీద నేరుగా దిగినవాళ్లు నాలుగు లక్షలలోపే. మన సినిమాలూ నవలలూ అమెరికా పత్తి చేల మీదనే చూపు నిలుపుతాయి గాని, ఎక్కువమందిని తిన్నది చక్కెర.

తెల్లవాళ్లు అడవుల్లోకి చొరబడి మనుషులను పట్టుకున్నారని చాలామంది అనుకుంటారు. తొలి రోజుల్లో అట్లాంటి దాడులు జరిగాయి. కాని ఈ వ్యాపారం నడిచింది కొనుగోలు మీద. తీరం వెంబడి కోటలు కట్టుకున్నారు: పోర్చుగీసువాళ్లు 1482లో కట్టిన ఎల్మినా కోటను డచ్చివాళ్లు 1637లో లాక్కున్నారు, పక్కనే కేప్ కోస్ట్ ఇంగ్లీషువాళ్లకు చిక్కింది. కోట గోడ అవతల రాజ్యం స్థానిక రాజులది. యుద్ధంలో ఓడినవాళ్లను, అప్పు తీర్చలేనివాళ్లను, నేరం మోపబడినవాళ్లను, దారి కాచి ఎత్తుకొచ్చిన పిల్లలను దళారులు తీరానికి నడిపించేవారు. కాంగో రాజు అఫోన్సో 1526లోనే, మీ వర్తకుల వల్ల నా దేశం ఖాళీ అయిపోతోందని పోర్చుగల్ రాజుకు మొరపెట్టుకుంటూ ఉత్తరాలు రాశాడు. ఫలితం లేదు. 1727లో దహోమీ రాజు వీదా రేవును జయించి ఆ వ్యాపారాన్ని తన గుప్పిట్లోకి తెచ్చుకున్నాడు. తుపాకీ ఉన్న రాజ్యం పొరుగును పట్టి అమ్మింది. అమ్మితేనే తుపాకీ వచ్చింది. ఆ వలలోంచి ఒక్క రాజు తప్పుకుంటే పక్క రాజు వాణ్నే పట్టి అమ్మేవాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ మనుషులను దేనితో కొన్నారు?

తుపాకులు, సారా, పూసలు అని మనం విన్నాం. అవీ ఉన్నాయి. కాని యూరపు ఓడలు ఆఫ్రికాకు మోసిన సరుకు విలువలో సగానికి పైగా బట్ట. అందులో పెద్ద భాగం పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో హిందూదేశపు నూలు బట్ట. పశ్చిమాఫ్రికా జనం బట్ట ఎరుగనివాళ్లు కారు. వాళ్లకు సొంత మగ్గాలు, సొంత నీలిమందు తొట్లు ఉన్నాయి. అందుకే వాళ్లకు బట్ట చూసే కన్ను ఉంది. రంగు వెలిసేదైతే తోసేసేవారు. ఒక రేవులో నీలం, ఇంకో రేవులో ఎర్రచారలు, మరోచోట గళ్ల రుమాళ్లు. పదేళ్లకోసారి ఆ మోజు కూడా మారేది. తగిన తానులు తేని కప్తాను ఓడ నిండక నెలల తరబడి లంగరేసుకుని ఉండాల్సివచ్చేది. ఈలోపు ముందు కొన్న బందీలు ఓడ అడుగున విరేచనాలతో, జ్వరాలతో చనిపోయేవారు. సరైన బట్ట లేకపోవడం కూడా మనుషుల ప్రాణాలు తీసింది.

బేరం ఒకే వస్తువుతో తెగేది కాదు. ఇన్ని తానుల బట్ట, ఒక తుపాకీ, ఇంత మందుగుండు, ఇన్ని ఇనుప కడ్డీలు, ఒక పీపా సారా, ఇన్ని గవ్వలు, అన్నీ కలిపి ఒక మనిషి. గవ్వలు కూడా మన సముద్రానివే: మాల్దీవుల్లో ఏరి, సింహళం మీదుగా, వంగదేశం మీదుగా యూరపుకు పోయి, అక్కడి నుంచి ఆఫ్రికాకు. 1672లో స్థాపించిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీ తనకు కావలసిన బట్టను లండన్‌లో ఈస్టిండియా కంపెనీ వేలంపాటల్లో కొనుక్కునేది. సాలెంపూర్లు, లాంగ్‌క్లాత్, పెర్కాలు, బేతీలాలు, నీలిరంగు గినీ బట్ట అని ఆ చిట్టాల్లో వరసగా కనిపిస్తాయి. వీటిలో చాలా రకాలు కోరమండల్ తీరపువి. సాలెంపూర్లు, పుంజాల లెక్కన కొనే ముతక బట్ట తెలుగు జిల్లాల ప్రత్యేకత.

ఇంగ్లండులో దొరలు, దొరసానులు మన అద్దకం బట్టల మోజులో పడ్డారని అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గోలచేశారు. 1700లో ఒకసారి, 1721లో మరింత గట్టిగా, ఆ బట్టను ఇంగ్లండులో తొడగకూడదని పార్లమెంటు చట్టం చేసింది. బయటి దేశాలకు తిరిగి ఎగుమతి చేయడానికి మాత్రం అడ్డు లేదు. లండన్ వీధుల్లో కట్టుకుంటే నేరమైన తాను ఆఫ్రికా రేవులో మనిషి వెలగా చెల్లింది. చట్టం మన బట్టను సరిగ్గా బానిస ఓడల వైపే తోసింది.

ఇక మన ఒడ్డున ఆ తాను ఎట్లా తయారైందో చూడాలి. మోటుపల్లి రేవు వర్తకులకు కాకతి గణపతిదేవుడు 1244లో అభయశాసనం ఇచ్చిన నాటికే ఈ తీరం బట్టకు పేరుపొందింది. ఆ శతాబ్దం చివర ఇటు వచ్చిన మార్కోపోలో ఇక్కడి సన్నబట్టను సాలెగూడుతో పోల్చాడు. రేగడి నేలల పత్తికి తోడు, లోపలి దక్కన్ నుంచి లంబాడీల ఎడ్ల బిడారులు పత్తి మూటలు మోసుకొచ్చేవి. ఇళ్లలో ఆడవాళ్లు రాట్నం మీద నూలు వడికేవారు. వాళ్ల కూలి ఎంతో ఏ కోఠీ పద్దులోనూ విడిగా రాయలేదు. దేవాంగులు, పద్మశాలీలు, ఇతర సాలెవారు నేసేవారు. చాకళ్లు చలువచేసేవారు, అద్దకంవాళ్లు రంగు వేసేవారు. వీళ్లందరికీ, కోఠీకీ నడుమ కోమటి, బలిజ వర్తకులు, దుబాసీలు. కోఠీ దొర వర్తకుడికి బయానా ఇస్తాడు, వర్తకుడు కొంత మిగుల్చుకుని సాలెవాడికి ఇస్తాడు. నూలు కొనడానికి, తిండికి ఆ బయానాయే ఆధారం. గడువుకు తాను అందకపోతే, పోగుల లెక్క తగ్గితే, బట్ట వెనక్కి వస్తుంది, అప్పు మిగులుతుంది. ఒకే రేవులో ఇద్దరు ముగ్గురు తెల్లదొరలు పోటీపడినంతకాలం సాలెవాడు బేరమాడగలిగాడు. 1788లో గుంటూరు సర్కారు కూడా ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చేసరికి ఉత్తర సర్కార్లన్నీ దానివే అయ్యాయి, ఇంకొకరికి నేసే వీలు మూసుకుపోయింది.

గిడ్డంగిలో అన్ని ఊళ్ల తానులూ కలిసిపోతాయి. ఊరి పేరు పోయి రకం పేరు మిగులుతుంది. తన చేతి తాను లివర్‌పూల్ ఓడలో ఎవరి వెలగా లెక్కకెక్కిందో సాలెవాడికి తెలిసే దారి లేదు. బయానా అప్పులో కూరుకుపోయినవాణ్ని నేను దోషి అనను. అయితే మన తీరపు నేతకు స్వర్ణయుగం అని మనం రాసుకునే ఆ నూరు, నూటయాభై ఏళ్ల గిరాకీలో బానిస ఓడల గిరాకీ కూడా కలిసి ఉంది. గొప్పను చెప్పుకునేటప్పుడు దీన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు.

ఆ గిరాకీ అవతలి కొసన ఏముందో ఒకే ఓడ చాలు చెప్పడానికి. బ్రూక్స్ అనే లివర్‌పూల్ ఓడ 1781లో నీటిలో దిగింది. దాని కడుపులో మనుషులను ఎట్లా పేర్చారో చూపే పటాన్ని 1788లో బానిస వ్యాపార వ్యతిరేకులు అచ్చువేసి ఇంగ్లండంతా పంచారు. మగవాడికి ఆరడుగుల పొడవు, అడుగు నాలుగంగుళాల వెడల్పు. కొత్తగా వచ్చిన చట్టం ప్రకారం 454 మందిని ఎక్కించవచ్చు. అంతకుముందు అదే ఓడ 609 మందితో పోయింది. రెండు మూడు నెలల ప్రయాణం. మగవాళ్లకు జంటలుగా కాళ్లకు సంకెళ్లు. తిండి మానేసినవాళ్ల నోరు ఇనుప పరికరంతో తెరిచి పోసేవారు. ఆడవాళ్లను విడిగా ఉంచింది వాళ్ల రక్షణ కోసం కాదు, నావికులకు అందుబాటులో ఉండటానికి. పది ప్రయాణాల్లో ఒకదానిలో అయినా బందీలు తిరగబడ్డారని పరిశోధకుల అంచనా. తిరుగుబాటు భయంతోనే కాపలా పెంచారు, ఖర్చు పెరిగింది, అందువల్ల ఓడ ఎక్కకుండా మిగిలిపోయినవాళ్లు లక్షల్లో ఉంటారని వాళ్లే లెక్కగట్టారు. ఓడిపోయిన తిరుగుబాట్లు కూడా ఎవరినో కాపాడాయి.

అదే 1781లో జోంగ్ అనే ఓడ నీళ్లు చాలవన్న సాకుతో 130 మందికి పైగా బందీలను బతికుండగా సముద్రంలోకి విసిరేసింది. ఓడ యజమానులు తలకు 30 పౌన్ల లెక్కన బీమా సొమ్ము అడిగారు. 1783లో లండన్ కోర్టులో విచారణ జరిగింది. అది హత్య కేసు కాదు, బీమా కేసు. ఒక్కరికీ శిక్ష పడలేదు. బానిసగా బతికి, తన విడుదలను తానే కొనుక్కున్న ఒలౌదా ఎక్వియానో ఈ సంగతి విని ఉద్యమకారుల దగ్గరికి తీసుకెళ్లాడు; 1789లో తన జీవితకథ రాసి అచ్చువేశాడు.

మనుషుల లెక్క కట్టే పద్ధతి కూడా తెలుసుకోవాలి. స్పెయిన్ రాజు తన అమెరికా వలసలకు బందీలను సరఫరా చేసే గుత్తను 1713లో ఇంగ్లీషువాళ్లకు ఇచ్చాడు. ఏడాదికి 4,800, ముప్పై ఏళ్లు. అది తలల లెక్క కాదు. వయసులో ఉన్న ఆరోగ్యవంతుడు ఒకటి. పిల్లలు, వయసు మళ్లినవాళ్లు, జబ్బుపడినవాళ్లు అందులో భిన్నాలు. ఇద్దరు పిల్లలు కలిసి ఒక మనిషి కింద జమపడే పద్దు అది.

మన తీరం బట్ట ఒక్కటే పంపలేదు, మనుషులనూ పంపింది. అట్లాంటిక్‌కు కాదు, హిందూ మహాసముద్రం మీదుగా. డచ్చివాళ్లు 1610లో పులికాట్‌లో స్థావరం పెట్టుకున్నారు. 1621లో వాళ్ల గవర్నర్ జనరల్ కూన్ జాజికాయ పండే బాందా దీవుల జనాన్ని ఊచకోత కోశాడు. ఆ తోటల్లో పనికి, బటేవియా పట్నం కట్టడానికి మనుషులు కావలసివచ్చారు. మామూలు ఏళ్లలో ఈ తీరంలో మనుషులు అమ్మకానికి దొరకలేదు. కరువు వస్తే దొరికారు. 1646లో కోరమండల్ నుంచి బటేవియాకు పోయినవాళ్లు 2,118 మంది. 1659–61 కరువులో, ఎక్కువగా తంజావూరు సీమ నుంచి, ఎనిమిది నుంచి పది వేలమంది. ఔరంగజేబు సేనలు గోల్కొండను ముట్టడించిన 1687లో కరువూ తోడైంది. ఆ ఒక్క సెప్టెంబరు నెలలోనే ఇంగ్లీషువాళ్ల చెన్నపట్నం నుంచి 665 మంది బానిసలుగా ఓడ ఎక్కారు. పిల్లలు బతికితే చాలని తల్లిదండ్రులే అమ్మిన సందర్భాలు ఆ పద్దుల వెనుక ఉన్నాయి.

వాళ్లలో ఒక్కరి పేరు చెబుతాను. పులికాట్‌లో పుట్టిన ఒక స్త్రీని డచ్చివాళ్లు తమ కాగితాల్లో గ్రోట్ కాత్రైన్ అన్నారు, అంటే పెద్ద కాత్రైన్. ఆమె అమ్మానాన్న పెట్టిన పేరు ఆ కాగితాల్లో లేదు. బటేవియాలో బానిసగా ఉంటూ, తనను కొట్టిన మనిషిని ఎదుర్కొనేటప్పుడు అతని చావుకు కారణమైంది. 1656లో మరణశిక్ష వేసి, దాన్ని యావజ్జీవ ప్రవాసంగా మార్చి, 1657లో ఆఫ్రికా దక్షిణ కొసన కేప్ స్థావరానికి పంపారు. అక్కడ కోటలో బట్టలుతికింది. ఆమె కొడుకు క్రిస్టోఫెల్ స్నైమన్ సంతతి ఇప్పటి దక్షిణాఫ్రికాలో పెద్ద వంశం. నల్లవాళ్లను వేరుగా నెట్టిన పాలనలో తెల్లవాళ్లుగా లెక్కకెక్కిన కుటుంబాలు ఎన్నో ఆ ఇంటిపేరుతో ఉన్నాయి.

మనుషులను బానిసలుగా ఎగుమతి చేయడాన్ని 1789 జూలైలో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ ప్రకటన నిషేధించింది. ఇంగ్లండు 1807లో అట్లాంటిక్ బానిస వ్యాపారాన్ని ఆపింది. 1791 నుంచి 1804 దాకా సాన్ దొమాంగ్ బానిసలు పోరాడి హైటీ అనే స్వతంత్ర దేశం కట్టుకున్నారు. లండన్ పెద్దల దయకన్నా ఆ పోరాటం ఎక్కువ పని చేసిందని నేను నమ్ముతాను.

ఇక 1833. ఆ ఏడాది ఆగస్టులో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వ నిర్మూలన చట్టం చేసింది. బానిసల యజమానులకు రెండు కోట్ల పౌన్ల పరిహారం. బానిసలకు ఏమీ లేదు. ఆ చట్టంలోనే, ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని నేలకు ఇది వర్తించదని ఒక సెక్షను పెట్టారు. అదే ఏడాది గుంటూరు జిల్లాలో నందన కరువు. అయిదు లక్షల జనంలో సుమారు రెండు లక్షలమంది చనిపోయారు. కంపెనీ శిస్తు వసూలు పద్ధతి, వర్షాభావం కలిసి చేసిన చావులవి. పార్లమెంటు ఒక చేత్తో యజమానులకు పరిహారం రాసి, ఇంకో చేత్తో మన నేలను చట్టం బయట పెట్టింది. పదేళ్ల తర్వాత, 1843లో, ఇక్కడి కోర్టులు బానిసత్వాన్ని హక్కుగా గుర్తించకూడదని వేరే చట్టం వచ్చింది. ఊళ్లలో అప్పు కింద తరతరాలు పాలేరుతనం చేసిన మాల, మాదిగ కుటుంబాలకు ఆ కాగితం అందలేదు. వెట్టిచాకిరీని నేరంగా ప్రకటించిన చట్టం 1976 నాటిది.

మన బట్ట స్థానంలోకి ఆఫ్రికా రేవుల్లో ఏమొచ్చింది? మాంచెస్టర్ నేతగాళ్లు మొదట మన గళ్లను, చారలను చూసి అనుకరిస్తూనే ఆఫ్రికా గిరాకీ కోసం నేర్చుకున్నారు. యంత్రాలు వచ్చాక వాళ్ల బట్ట చవకైంది. ఆ యంత్రాలకు మేత అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తి. 1860 నాటికి ఆ రాష్ట్రాల్లో బానిసలు దాదాపు 40 లక్షలు. వాళ్లు ఏరిన పత్తితో నేసిన మిల్లు బట్ట బందరు, చీరాల సంతలకు వచ్చి మన మగ్గాన్ని పడగొట్టింది. ఒకప్పుడు మన తానుల వెల కింద అమ్ముడుపోయినవాళ్ల మనవల శ్రమతోనే మన నేతగాళ్ల పొట్టమీద దెబ్బ పడింది. ఆ శ్రమకు వాళ్లకు ఒక్క పైసా దక్కలేదు.

ఆఫ్రికాతో మన మగ్గానికి సంబంధం మాత్రం తెగిపోలేదు. ఇరవయ్యో శతాబ్దంలో చీరాల చుట్టుపక్కల నేసిన గళ్ల బట్ట 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' పేరుతో నైజీరియాకు పోయింది. నైజర్ డెల్టాలోని కలబారీ జనం దాన్ని పెళ్లికీ చావుకీ కట్టుకుంటారు. ఆడవాళ్లు అందులో కొన్ని పోగులను బ్లేడుతో కోసి తీసేసి, తమదైన కొత్త నమూనా తెస్తారు. వాళ్ల పూర్వికుల రేవు ఒకప్పుడు బానిసల బేరాలకు పేరుమోసినది. నైజీరియా దిగుమతులను బిగించినప్పుడల్లా చీరాల, జాండ్రపేట వీధుల్లో మగ్గాలు ఆగేవి.

1861 ఏప్రిల్‌లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, దక్షిణాది పత్తి ఓడలు ఆగిపోగానే లాంకషైర్ చూపు మన రేగడి నేలల మీద పడింది. గుంటూరు, పల్నాడు పత్తి కాకినాడ రేవు పేరుతో ఇంగ్లండు మార్కెట్టుకు ఎట్లా చేరిందో, ఆ నాలుగేళ్ల ధరల్లో రైతుకు మిగిలిందెంతో, షావుకారికి చేరిందెంతో వచ్చే భాగంలో.